నక్కలవంకలో నీళ్ళు

“రేపు చదివేది నువ్వేనంట. పద్మనాభ్ సార్ ఇప్పుడే ఫోన్ చేసినాడు. ఆ పసుపుపచ్చ చీర కట్టుకో, వీడియోలో బాగుంటాది,” అన్నాడు లోకేశ్వరి భర్త మునికుమార్, వంటింటి గుమ్మంలోంచి తల మాత్రం లోపలికి పెట్టి.

సంగటి కెలికేటప్పుడు చెయ్యి ఆగకూడదు. ఆగితే ఉండలు కడుతుంది. ఆ ఉండలు ఎలా వస్తాయోగాని సరిగ్గా అత్త భారతమ్మ కంచంలోకే వస్తాయి. ఆవిడ ఒక్క మాట అనదు. వేలితో ఉండను కంచం అంచుకు నెట్టి, తిన్నంతసేపూ అందరికీ కనిపించేలా అక్కడే ఉంచుతుంది. పెళ్ళయినప్పటినుంచీ లోకేశ్వరికి ఈ సంగతి తెలుసు. అయినా చెయ్యి ఆగింది.

“నేనా? ఎప్పుడూ సారే చదువుతాడు గదా.”

“ఆడమనిషి గొంతైతే జనం గలాటా చెయ్యరంట. నీకేం, రాసింది చదివేదే గదా,” అని మునికుమార్ హాల్లోకి వెళ్ళిపోయాడు. అతని అడుగుల్లో కూడా సంతోషం వినిపించింది. వెంటనే భారతమ్మ పలమనేరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, మా కోడలు రేపు ఆఫీసర్ల ముందర మైకులో మాట్లాడతా ఉండాదని చెప్పుకోవడం మొదలుపెట్టింది. కోడలి చదువు గురించి బయటివాళ్ళకు గొప్పగా చెప్పడమూ, ఇంట్లో ఆ చదువు దేనికీ పనికిరాదని తేల్చడమూ రెండూ ఆవిడకు ఒకే నోటితో వచ్చు.

లోకేశ్వరి మళ్ళీ కెలకడం మొదలుపెట్టింది. రేపు తాను చదవబోయే కాగితాల్లో ఒక వాక్యం ఉంది. అది ఆమెకు నోటికి వచ్చు. “ప్రతిపాదిత స్థలానికి సమీపంలో ప్రజలు వినియోగించే తాగునీటి వనరులేవీ లేవు.” ఆ వాక్యం అబద్ధమని ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. అందులో ఒకరు చీర రంగు చెప్పి వెళ్ళిపోయారు.

ఆమె ఉద్యోగం తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఒక మేడ మీదున్న చిన్న ఆఫీసులో. ఎవరైనా ఫ్యాక్టరీ కడతామన్నా, కొండ తవ్వుతామన్నా, దానివల్ల అక్కడి గాలికీ నీళ్ళకూ మనుషులకూ ఏమవుతుందో ముందే అంచనా వేసి ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలు రాసిపెట్టి, ఆ ఊళ్ళో జరిగే ప్రజాభిప్రాయ సభలో చదివి వినిపించే ఆఫీసు అది. అందులో నీళ్ళ సంగతి చూసేది లోకేశ్వరి. శాంపిళ్ళు తేవడం, పరీక్షకు పంపడం, వచ్చిన అంకెలను మాటల్లో పెట్టడం, ఆఫీసు నడిపే పద్మనాభ్ పెట్టే తప్పులు దిద్దడం, ఆఖర్న ఆయన పేరు కింద తన పేరు పెట్టడం. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి చేస్తున్న ఈ పనంతటినీ మునికుమార్ బంధువుల దగ్గర “టైపింగు పని” అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.

ఈసారి పని పుత్తూరు దాటి సత్యవేడు వైపు పోయే దారిలో, ఎగువ రాళ్ళకుప్పం అనే ఊరి వెనకున్న కొండ మీద. అక్కడ కంకర క్వారీ, పక్కనే క్రషరు వస్తాయి. కొట్టగా మిగిలిన రాళ్ళూ దుమ్మూ పోయడానికి కంపెనీ ఎంచుకున్నది కొండ కిందనున్న పల్లపు నేల, నక్కలవంక. కార్తీకంలో తుఫాను పడితే ఈ చివరినుంచి ఆ చివరిదాకా పారే వంక అది. నిబంధనల ప్రకారం పరిశీలన వానలు లేని కాలంలో జరగాలి కాబట్టి ఆఫీసు మండువేసవిలో వెళ్ళింది. వంకలో ఇసక తప్ప ఏమీ లేదు. “ఎండిన వాగు” అని రాసుకున్నారు. ఇంటింటికీ తిరిగిన కుర్రాళ్ళు కుటుంబ యజమానిని అడిగి రాసుకోవాలి గనక మగవాళ్ళనే అడిగారు. తాగునీళ్ళు యాడివయ్యా అంటే బోరువి అన్నారు. ఇబ్బందేమన్నా ఉండాదా అంటే ఏమీ లేదన్నారు. అంతటితో ఆ ఊరి నీళ్ళ కథ అయిపోయింది.

అయిపోయేదే, ఆ రోజు లోకేశ్వరికి అంత అవస్థ రాకపోయుంటే.

ఫీల్డుకు పోయే ఆడమనిషి పడే బాధ ఏ నివేదికలోనూ ఉండదు. జీపులో నలుగురు మగవాళ్ళు. వాళ్ళకు ప్రపంచంలో ప్రతి చెట్టూ ప్రతి గోడా తమ కోసమే పుట్టినట్టు ఉంటుంది. “రెండు నిమిషాలాపప్పా” అంటారు, దిగుతారు, మాట్లాడుకుంటూనే పని కానిచ్చి ఎక్కుతారు. ఆమె పొద్దుటినుంచీ గొంతు తడుపుకోకుండా, పెదాలు నాలుకతో రాసుకుంటూ, సాయంత్రం పుత్తూరు బస్టాండు వచ్చేదాకా బిగబట్టుకుని కూర్చుంటుంది. దానివల్ల ఒంట్లో మంట పట్టి ఎన్నిసార్లు మాత్రలు మింగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఎవరో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. ఎండకు తట్టుకోలేక గటగటా తాగేసింది. బోరు దగ్గర శాంపిలు పట్టేసరికే కాళ్ళు నిలవడం లేదు. ఊళ్ళో ఎవరినో అడగడానికి సిగ్గేసి, ఏదో చూసొస్తానని చెప్పి, సంచి భుజానికి తగిలించుకుని, కానుగ పొదల మధ్యనుంచి వంకలోకి దిగింది.

దిగేసరికి కింద ఆడవాళ్ళున్నారు. ఇసకలో అక్కడక్కడా గుంతలు, గుంత పక్కనొక బిందె, బిందె పక్కనొక మనిషి. అందరికన్నా పెద్దామె తలెత్తి చూసింది. లోకేశ్వరి నడక చూడగానే ఆమెకు అర్థమైపోయినట్టుంది.

“ఒంటికేనా తల్లీ? ఆ రాళ్ళ ఎనక్కి పో. ఈ పక్క రావాకు, ఈడ తాగే నీళ్ళు ఉండాయి,” అంది.

ఆమె పేరు దేవకమ్మ. లోకేశ్వరి పని ముగించుకుని వచ్చి చూస్తే, అవి చెలమలు. ఇసక తోడితే నీళ్ళు ఊరుతాయి. చెంబుతో ముంచి, గుడ్డలో వడగట్టి బిందెలోకి పోసుకుంటున్నారు. తోడేకొద్దీ మెల్లగా మళ్ళీ ఊరుతున్నాయి. దేవకమ్మ ఒక చెంబు అందించింది. ఆ మధ్యాహ్నం ఆ నీళ్ళు గొంతులో దిగుతుంటే లోకేశ్వరికి ఏడుపొచ్చినంత పనయింది. సంచిలోంచి నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు తీసి ముంచి చూసింది. ఊళ్ళో బోరు నీళ్ళు చవ్వ ఉప్పు, పళ్ళు గారపట్టించే నీళ్ళు. ఇవి మంచినీళ్ళు. కొండ మీద కురిసిన వాన కొండే దాచిపెట్టుకుని, ఇసక కింద మెల్లమెల్లగా వదులుతున్న నీళ్ళు.

మరి మీవాళ్ళు బోరు నీళ్ళు తాగుతామని ఎందుకు చెప్పారని అడిగింది.

“మగోళ్ళనడిగితే ఏం చెప్తారు? ఈ పక్కకు మేం వస్తామని వాళ్ళు రారు. మా నాయన కాలంనించీ అంతే, అది మర్యాద. ఇంట్లో బిందె ఉంటాది, ముంచుకుంటారు, తాగుతారు. అది యాడినుంచి వచ్చిందో ఎవురడిగినారు?” అంది దేవకమ్మ, ఫిర్యాదు లేకుండా, ఎండ గురించి చెప్పినట్టుగా. తర్వాత గుడ్డ పిండుకుంటూ, “నువ్వు నీళ్ళు రాసుకునే దానివి గదా. దీన్ని గూడా రాస్తావా?” అంది.

రాస్తానంది లోకేశ్వరి. దానికి పెద్దగా ఆలోచించవలసింది కూడా ఏముందనుకుంది.

ఎవురడిగినారు అన్న మాట ఆమెను తిరుపతి దాకా వెంబడించింది. అంతకు కొద్దిరోజుల ముందే వాళ్ళింటికి కూడా ఎవరో సర్వే అబ్బాయి వచ్చాడు. మునికుమార్ కుర్చీలో వెనక్కి వాలి, కార్పొరేషన్ నీళ్ళు వస్తాయప్పా, మాకేం ఇబ్బంది లేదు అని చెప్పాడు. ఆ క్షణంలో లోకేశ్వరి పెరట్లో ఉంది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళకు మోటారు వేసి, డ్రమ్ములు నింపి, నడుం పట్టుకుని నిలబడి ఉంది. ఇబ్బంది లేదన్న మాట కిటికీలోంచి వినబడింది. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు నవ్వు రాలేదు. అతను అబద్ధం చెప్పలేదు. అతనికి నిజంగానే ఇబ్బంది లేదు. ఉతికిన చొక్కా హ్యాంగరుకు ఉంటుంది, కాగిన పాలు గ్లాసులో ఉంటాయి, నిండిన నీళ్ళు కుళాయిలో ఉంటాయి. అవి అక్కడికి నడిచి రావు గదా అన్న ఆలోచన అతనికి రావలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. రాళ్ళకుప్పం మగవాళ్ళూ అంతే, పాపం, మనస్ఫూర్తిగా తప్పు చెప్పారు.

మరునాడు ఆఫీసులో చెలమల గురించి ఒక పేజీ రాసి పద్మనాభ్ ముందు పెట్టింది. గదిలో సర్వే కుర్రాళ్ళున్నారు, కంపెనీ మేనేజరున్నాడు, టీ తెచ్చిన డ్రైవరు ఢిల్లీబాబు ఉన్నాడు. పద్మనాభ్ మంచివాడే. ఎప్పుడూ గొంతు పెంచడు, నుదుట నామం చెదరనివ్వడు, ఆడవాళ్ళను అమ్మా అనే పిలుస్తాడు. పేజీ చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఇది మన శాంపిల్ పాయింటు కాదే. ఆడికి నువ్వెందుకు పోయినావమ్మా?” అన్నాడు.

అడగకూడని మాటేమీ కాదు. ఏ పరిశీలనకైనా ఎందుకు వెళ్ళాం, ఎలా చూశాం అన్నది ఉండాలి. జవాబూ పెద్దదేమీ కాదు, ఒక్క ముక్క. లోకేశ్వరి చుట్టూ చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే అతుక్కుపోయింది. మొహమంతా వేడెక్కింది. “ఊరికే సార్... చూద్దామని,” అంది.

మేనేజరు నవ్వాడు. మేడమ్‌కు ఫీల్డంటే పిక్నిక్కేమో అన్నాడు. కుర్రాళ్ళు కూడా నవ్వారు. ఊరికే పోయి చూసినవి రిపోర్టుకెక్కవమ్మా, అయినా చెలమంటే గుంత, గుంతను నీటి వనరని ఎవరంటారు అని పద్మనాభ్ ఆ పేజీని మడిచి పక్కన పెట్టాడు. సాయంత్రానికి నివేదిక తయారైంది. సంతకం పెట్టమని తెచ్చి ఇస్తే, అందరూ ఇళ్ళకు పోవడానికి తనకోసమే నిలబడి ఉన్నారని గాభరాపడి పెట్టేసింది. పెట్టిన తర్వాత బాత్రూములోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. ఎందుకు కడుక్కుందో ఆమెకే తెలియలేదు.

ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు. చివరికి మునికుమార్‌కు చెప్పింది. అతనికి రెండు టిప్పర్లున్నాయి. పని లేక ఎక్కువరోజులు ఇంటి ముందే ఉంటాయి. క్వారీ వస్తే వాటికి ఏడాది పొడుగునా తిరుగుడేనని మేనేజరు మాటిచ్చాడు. అందుకని అతను కోపగించుకోలేదు, బుజ్జగించాడు. చెలమలు పూడితే కంపెనీవాళ్ళు ట్యాంకరు పెడతారు, ఆడోళ్ళకు ఆ తోడే బాధ తప్పుతాది, మంచిదే గదా అన్నాడు. లోకేశ్వరి ఒప్పుకోకపోయేసరికి కొంచెంసేపు ఆలోచించి, నవ్వుతూ, “సరే, చెప్తావనుకో. ఆడికెందుకు పోయినావని అడుగుతారు గదా, ఏం చెప్తావు? నలుగురు మగోళ్ళ ముందర ఆ మాట అంటావా?” అన్నాడు.

పక్కగదిలోంచి భారతమ్మ, “చీ, అదేం మాటరా, ఆడది అట్లాంటివి నోట అంటుందా,” అంది. ఆవిడ అన్నది కొడుకును కాదు.

లోకేశ్వరిని మునికుమార్ సరిగ్గా పట్టుకున్నాడు. ఎమ్మెస్సీ, మీటరు, ఇన్నేళ్ళ అనుభవం అన్నీ ఉన్నాయి. వాటన్నిటికీ అడ్డంగా చిన్నప్పుడు అమ్మ నేర్పిన సిగ్గొకటి నిలబడింది. బడిలో చిటికెన వేలు చూపించడానికి కూడా సిగ్గుపడి లంగా తడుపుకున్న పిల్ల ఇంకా తనలోనే ఉంది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఒక ఊరు తాగే నీళ్ళ మీద రాళ్ళు పోస్తున్నారు, తానొక్క మాట అనలేక ఊరుకుంటోంది. ఈ సిగ్గు ఎవరికి పనికొస్తోందో ఆలోచిస్తే, తనకు మాత్రం కాదని స్పష్టంగా తెలిసింది. తెలిసినంత మాత్రాన అది పోలేదు.

ఇప్పుడేమో చదవమంటున్నారు. సంతకమైతే కాగితం మీద ఒక మూల ఉంటుంది. చదవడమంటే దేవకమ్మ చెవిలోకే చెప్పడం.

పొద్దున పసుపుపచ్చ చీరే కట్టుకుంది. ఇంకొకటి వెతుక్కునే ఓపిక లేదు. ఆఫీసు కారులో పద్మనాభ్ పక్కన కూర్చుంటే, కొత్తగా చదివేటప్పుడు అందరికీ భయముంటుందమ్మా, నిదానంగా చదువు అని ఆయన ధైర్యం చెప్పాడు. పుత్తూరు దాటేసరికి ఆమె చేతిలోని కాగితాలు చెమటకు మెత్తబడ్డాయి. ఒకటే ఆశ మిగిలింది. ఆడవాళ్ళను ఇలాంటి వాటికి రానివ్వరేమో, దేవకమ్మ రాదేమో.

వచ్చింది. బడి ముందు షామియానా వేసి, మగవాళ్ళకు కుర్చీలు, ఆడవాళ్ళకు వెనకాల నేలమీద పట్టలు వేశారు. మునికుమార్ కూడా మిగతా టిప్పర్లవాళ్ళతో కలిసి ఒక పక్కన నిలబడ్డాడు. దేవకమ్మ పట్ట మీద ముందుకు జరిగి కూర్చుంది. లోకేశ్వరి వేదిక ఎక్కుతుంటే చూసి, పక్కామెను మోచేత్తో పొడిచి ఏదో చెప్పింది. చెప్పి నవ్వింది. మనమ్మాయే, రాస్తానంది గదా అని చెబుతున్నట్టుంది ఆ నవ్వు. ఆ నమ్మకం చూసి లోకేశ్వరి కళ్ళు కాగితాల మీదికి దించుకుంది. తిడుతున్నట్టు చూసినా ఇంత భయం వేసేది కాదు.

సభ నడిపే అధికారి మొదలుపెట్టమన్నాడు. వీడియో తీసే అబ్బాయి కెమెరా ఆమెవైపు తిప్పాడు. లోకేశ్వరి చదివింది. కొండ విస్తీర్ణం చదివింది, పేలుళ్ళు ఎప్పుడు జరుపుతారో చదివింది, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతారని చదివింది. గొంతు వణకలేదు. ముందు వరసలో మేనేజరు తృప్తిగా తల ఊపుతున్నాడు. నీళ్ళ పేజీ వచ్చింది. “ప్రతిపాదిత స్థలానికి సమీపంలో ప్రజలు వినియోగించే” దాకా చదివింది.

అక్కడ ఆగింది. వెనక ఎవరో దగ్గారు. తాగునీటి అన్న మాట కళ్ళకు కనబడుతూనే ఉంది, నోటికి రావడం లేదు. ఈ వాక్యం తన గొంతుతో పూర్తయితే, రేపు ఇంక ఎవరు వచ్చి అడిగినా రాళ్ళకుప్పంలో నీళ్ళుండేవని రుజువు చెయ్యడం ఎవరివల్లా కాదు. అది మాత్రం ఆమెకు బాగా తెలుసు. తన వృత్తే అది.

కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

“సార్, ఇది తప్పు,” అంది. “నక్కలవంకలో చెలమలుండాయి. ఈ ఊరంతా తాగేది ఆ నీళ్ళే. నేను సంతకం పెట్టినాను, కానీ ఇది తప్పు.”

కుర్చీల్లో గోల మొదలైంది. ఆ చెలమలెవరు చూసినారప్పా, అది ఆడోళ్ళు పోయే పక్క గదా అని ఒకరు, ఎండిపోయిన వంకలో నీళ్ళేంది అని ఒకరు. పద్మనాభ్ లేచి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన గొంతు కాస్త పెరిగింది. సార్, ఆవిడ చెప్పే చోటు మా పరిశీలన పాయింట్లలో లేదు, ఆవిడ అధికారికంగా వెళ్ళలేదు, దీన్ని పరిగణించకూడదు అన్నాడు. అధికారి చెయ్యెత్తి అందరినీ కూర్చోమని, లోకేశ్వరివైపు తిరిగాడు. ఆయన మర్యాదగానే అడిగాడు.

“పరిశీలన పాయింటు కానప్పుడు మీరు అక్కడికి ఎందుకు వెళ్ళారమ్మా? అది కూడా రికార్డులో ఉండాలి.”

టిప్పర్లవాళ్ళ మధ్య మునికుమార్ తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దు అన్నట్టు. పద్మనాభ్ మొహంలో మాత్రం కొంచెం ధీమా కనిపించింది. ఈ ప్రశ్నకు ఈమె ఏం చెబుతుందో ఆయనకు ఇంతకుముందే తెలుసు. లోకేశ్వరి మొహం వేడెక్కింది. సిగ్గు ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, మైకును దగ్గరికి లాక్కుంది.

“ఒంటికి పోయినాను సార్,” అంది. “ఆడే చూసినాను నీళ్ళు. రాసుకోండి.”